వెనక సీటులో మా అత్త

పోయిన వారం మా మేనత్త పోయింది. మా ఊరు కురుగోడులో, కళ్లంలో ఆరబోసిన మిరపకాయల పక్కన కూర్చుని మంచినీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, అట్లాగే ఒరిగిపోయిందట. బళ్ళారిలో నేను జీన్సు ప్యాంట్లు కుట్టించే షెడ్డులో ఉండగా ఫోను వచ్చింది. తల్లి లేని మా నాన్ననూ, చిన్నాయననూ చంకనేసుకుని పెంచిన అక్క ఆమె. నాన్న ఎప్పుడో పోయాడు. చిన్నాయన హైదరాబాదులో ఉంటాడు. ఫోను పెట్టేయగానే నాకు ఆమె విమానమెక్కిన రోజు గుర్తొచ్చింది.

మా జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీల వైపు ఒక చిన్న విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి హైదరాబాదుకు రెక్కలకు ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం పోతుంది. మా మడి మీదుగానే దాని దారి. కలుపు తీస్తున్నా సరే, అత్త నడుమెత్తి నిలబడి "పోయిరాప్పా" అని చెయ్యెత్తేది. ఎవరికి చెప్తున్నావత్తా అంటే, "నడిపేటోనికి. వాడూ ఒక తల్లి కన్న బిడ్డే కదప్పా" అనేది.

ఒకరోజు పొద్దున చిన్నాయన కొడుకు ఫోను చేశాడు. చిన్నాయనకు గుండె ఆపరేషన్, సాయంత్రమే చేయాలట. ఆయనేమో అక్క మొహం చూడందే లోపలికి పోనని మొండికేశాడు. బస్సులో పోతే ఆ వేళకు చేరం. వాడే మాకు విమానం టికెట్లు తీశాడు. అత్తా నేనూ, ఇద్దరం జన్మలో విమానమెక్కినవాళ్లం కాదు.

ముందు వరుసలో కూర్చున్నాం. సగం సీట్లు ఖాళీ. బయలుదేరే ముందు విమానంలోని అమ్మాయి వచ్చి, బరువు సరిపడాలి, మీరిద్దరూ వెనక్కి రండమ్మా అని కన్నడంలో చెప్పింది. ఇదేం విమానంరా నాయనా, మేమిద్దరం జరిగితే ఒరిగిపోతుందా! అత్త మాత్రం టక్కున లేచింది.

"ఇదీ బండే కదప్పా. ముందర బరువైతే ఎద్దుల మెడలు ఒరుసుకపోతాయని మా నాయన నన్ను యెనక కూకోబెట్టేటోడు. రా, లెయ్."

నిజమే. కూలికి పోయేటప్పుడు ట్రాక్టరు ట్రాలీలో కూడా ఆడవాళ్లందరినీ అటూ ఇటూ సర్ది, తను వెనక అంచున కూర్చునేది. ఆ చోటు ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

విమానం పైకి లేచాక, ఇక మీ సీట్లకు పోవచ్చమ్మా అంది ఆ అమ్మాయి.

"వద్దు తల్లీ. దిగేదాకా ఈడ్నే ఉంటా."

రెండు చేతులూ సీటుకు బిగించి కూర్చుంది. మంచినీళ్లిస్తే తీసుకోలేదు. నేను కిటికీ వైపు వంగితే తొడ మీద గట్టిగా గిల్లింది. "వంగొద్దురా! సమంగా కూకో." నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. తమ్ముడి దగ్గరికి ఆ విమానాన్ని తనే మోసుకుపోతోంది మా అత్త.

"మన కాల్వ కనపడతాండాది, సూడత్తా" అన్నాను. మెడ కదపకుండా కళ్లు మాత్రం తిప్పింది. అబ్బ, ఆ కళ్లు! కింద కాలువ మెరుస్తోంది, పక్కన మళ్లు, ఎర్రగా మిరప కళ్లాలు. మేం బతుకంతా తిరిగిన నేల అరచేతిలో పట్టేంతగా ఉంది.

"మళ్లు కనపడతాండాయి గానీ మనుసులే కనపడల్యా. ఇంత పైనుంచి దేవుడు మనల్ని యెట్ల గుర్తుపడతాడప్పా? మీ చిన్నాయన్ని గుర్తుపడతాడంటావా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పడతాడత్తా అన్నాను.

ఆసుపత్రిలో చిన్నాయనను అప్పటికే స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. "వచ్చినావాక్కా?" అన్నాడు పిల్లాడిలా.

"వచ్చినా. అంత పెద్ద ఇమానాన్ని ఒరగకుండా పట్టుకొని వచ్చినా. నీ గుండె ఏపాటిదిరా? పో, బాగై రా."

చిన్నాయన నవ్వుతూ లోపలికి పోయాడు. బాగై వచ్చాడు కూడా. అక్క వెనక సీటులో కూర్చున్న సంగతి తర్వాత నేనే ఆయనకు చెప్పాను.

అత్త పోయిన రోజే, పొద్దు మునిగేలోపు ఆమెను తీయాలన్నారు పెద్దలు. చిన్నాయన అందుకుంటాడో లేదోనని మేమంతా దారి చూస్తూ కూర్చున్నాం. ఎండ ఇంకా ఉండగానే కారు దిగాడు. అదే విమానంలో వచ్చాడు. అక్క తల తన ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమురుతూ ఉండిపోయాడు. ప్రయాణం ఎట్లా జరిగింది చిన్నాయనా అని తర్వాత అడిగాను.

"ఇమానం ఖాళీగా ఉండె. ఎవురూ జెప్పకున్నా పోయి యెనక కూకున్యా. అక్క లేదు కదప్పా... ఎవురో ఒకరు కూకోవాల."

నేను తట్టుకోలేక అక్కడి నుంచి లేచిపోయాను.

మూడోనాడు మడిలో ఆమెను పూడ్చినచోట పాలు పోస్తుండగా విమానం వచ్చింది. కూలి ఆడవాళ్లందరూ అలవాటుగా తలెత్తారు. చిన్నాయన లేచి నిలబడ్డాడు. పాలచెంబు ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి పైకెత్తాడు.

"పోయిరాక్కా" అన్నాడు.

అది కురుగోడు గుట్ట దాటి కనపడకుండా పోయేదాకా ఆ చెయ్యి దించలేదు.