నీళ్లు కొట్టని కాయ

మా మేనత్త కిందటి నెల పోయింది. కబురు చెప్పడానికి ఫోను చేసిన మామయ్య "మీ అత్త లేదురా అల్లుడూ" అని, ఆ వెంటనే "కాయ ఇంకా కళ్లంలోనే ఉంది" అన్నాడు. ఏడవాలో కసరాలో తెలియలేదు. ఆ ఇంట్లో చావు కబురు కూడా మిరపకాయ లేకుండా రాదు.

మిరప పండించే మా వైపు ఓ పాడలవాటుంది. కళ్లంలో ఎండిన కాయను బస్తాలకెత్తే ముందు నీళ్లు కొడతారు. కాయ మెత్తబడి, తొక్కినా విరగదు, పైగా నిగనిగలాడుతుంది. ఆ తడికే లోపల బూజు పడుతుందనీ, ఆ బూజు విషమనీ, విదేశాలవాళ్లు సరుకు తిప్పికొట్టేది అందుకేననీ అత్తకి ఏదో శిక్షణలో చెప్పారు. అంతే, మా అందరికీ తిప్పలు మొదలయ్యాయి.

ఊళ్లో రైతుల్ని పోగేసి సంఘం పెట్టింది. పంటకి విదేశీ మార్కెట్లు వెతుక్కోవడానికి సర్కారు ఇచ్చే గ్రాంటు కోసం ఒంగోలులో ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. తీరా అందులో మొదటి విడత వచ్చి సిమెంటు కళ్లం కడితే, దాని నడిమధ్య పథకం బోర్డు నిలబెట్టమన్నారు. "నీడ పడితే కాయ ఆరదండీ" అంటే వింటేగా! ఆఫీసరు ఫోటోకి వచ్చినప్పుడల్లా బోర్డు నిలబెట్టడం, జీపు మలుపు తిరగ్గానే తీసేయడం. ఆ ఇనప బోర్డు మోసింది ఎవరనుకున్నారు? నేనే.

ఇంటికెవరొచ్చినా కాఫీకంటే ముందు ఎండుకాయ ఒకటి తెచ్చి వాళ్ల చెవి దగ్గర ఊపేది. "గింజ పలకాలండీ. పలక్కపోతే లోపల తడున్నట్టే." ఎవరైనా వాదిస్తే ఒకటే మాట: "మన పిల్లకాయల నోట్లో పెట్టేదైతే ఇట్టాగే చేస్తామా?"

అలాంటి మనిషి ఇంట్లోనే కొంప మునిగింది. నిరుడు విదేశీ వ్యాపారికి పంపే శాంపిలు తీసే ముందురోజు, ఆవిడ గుంటూరు వెళ్లడం చూసి, మామయ్య ఆ కాయ మీద రెండు బిందెలు కుమ్మరించాడు. శాంపిలు తిరిగొచ్చింది. "దొరలు చూసే కాయ కదే! దుమ్ముకొట్టుకుని ఉంటే మన పరువేం కాను?" అన్నాడు, పైగా! "పెళ్లికూతురికి ముస్తాబు చేశావా నాయనా?" అని అత్త నెత్తి కొట్టుకుంది. వారం పాటు ఆయన కూరలో కారం వెయ్యలేదు.

ఈ ఏడు ఇంకొక్క శాంపిలు పంపుకోనిచ్చారు. ఇదీ తప్పితే మిగతా గ్రాంటు రాదు, సంఘమూ ఉండదు. సరిగ్గా ఆ కాయ ఆరుతుండగానే ఆవిడ గుండె ఆగింది. ఇంకో వారం ఓపిక పడితే ఏం పోయేదో! ఎవరి మీద విసుక్కోను?

పెద్దకర్మ అయ్యాక బస్తాలకెత్తడానికి కూలీలొచ్చారు. "నీళ్లు కొట్టకపోతే ఎట్టా అయ్యా? కాయ విరిగి ఘాటుకి చస్తాం" అంది వాళ్లలో పెద్దావిడ. మామయ్య లేచి బిందె ఎత్తాడు.

"మామయ్యా, నీకు దణ్ణం పెడతాను, మళ్లీనా!" అని అరిచాను.

ఆయన బిందె గట్టు మీద దించాడు. లోపలికెళ్లి అత్త పాత నేతచీర తెచ్చి ముక్కలుగా చింపాడు. ఒక్కో ముక్కా బిందెలో ముంచి, పిండి, ముక్కుకి కట్టుకోమని ఒక్కొక్కరికీ ఇచ్చాడు. మిగిలిన నీళ్లు గట్టు అవతల పారబోశాడు. తడి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. చాలదన్నట్టు మళ్లీ తుడుచుకున్నాడు. అప్పుడు కుప్పలోంచి ఒక కాయ తీసి తన చెవి దగ్గర ఊపుకున్నాడు.

"పలుకుతోందిరా అల్లుడూ."