చెరకు వెయ్యని నేల

మా మరిది పోయిన నెల పోయాడు. కబురు తెచ్చిన పక్కింటావిడ నన్ను ఓదార్చబోయి, "పాపం, ఫ్రాన్సు దాకా వెళ్లి మూడంటే మూడే ఆటలాడాడు," అంది.

"మీ ఇంట్లో ఎవరెన్ని ఆడారమ్మా?" అన్నాను.

ఆ జవాబు నా సొంతం కాదు. అతని దగ్గర నేర్చుకున్నదే.

నేను ఈ చెరకుతోటల దీవిలో ప్లేన్ మాన్యెన్ అనే ఊరికి కోడలిగా వచ్చేనాటికి ఇంకా ఇంగ్లీషువాళ్ల ఏలుబడే. మా మరిది కోసిన చెరకు మోళ్ల మధ్య వట్టికాళ్లతో ఫుట్‌బాల్ ఆడేవాడు. శనివారం భజనకి రాడని అత్తగారు తిట్టేది. "వదినా, నా వంతు గోవిందలు కూడా నువ్వే అనెయ్," అని గోడ దూకేవాడు. అనేదాన్ని. ఇద్దరికి సరిపడా గొంతు నాకుందని ఊరందరికీ తెలుసు.

ఓడెక్కి ఫ్రాన్సు వెళ్లి, జీతమిచ్చే జట్టులో చేరాడు. మూడో ఆటలో మోకాలు పోయింది. కుంటుతూ తిరిగొచ్చాడు. "మూడేనా?" అని చెరకుతోటల మీద అజమాయిషీ చేసే సిర్దారు నవ్వాడు.

"మీరెన్ని ఆడారు?" అన్నాడు ఇతను, నవ్వకుండా.

తన వాటాకొచ్చిన అర ఆర్పాన్, అంటే సుమారు అరెకరం, నేలలో అందరూ చెరకు వెయ్యమంటే, చదును చేసి రెండువైపులా వెదురు గోల్‌పోస్టులు పాతాడు. స్వాతంత్ర్యం రాబోయే రోజుల్లో ఏ జాతివాళ్లు ఆ జాతివాళ్లుగా తలుపులు బిగించుకున్నారు. కోవెల పెద్దలొచ్చి, "మనవాళ్లనే ఆడనివ్వు," అన్నారు.

"బంతిని అడిగి చెబుతా," అన్నాడు.

మర్నాడు ఆఫ్రికా సంతతి క్రియోలులు, ముస్లిములు, మనవాళ్లు, అందరినీ కలిపి రెండు జట్లు చేశాడు. ఎక్కడ కొట్టుకుంటారోనని భయపడుతూనే నేను అందరికీ టీ కాచాను. ఆ సాయంత్రం తగిలిన దెబ్బలన్నీ మోకాళ్లకే.

మహానుభావుడేం కాదు. నా పచ్చడి జాడీ ఖాళీ చేసి, ఏమీ ఎరగనట్టు మూత పెట్టేవాడు.

పదమూడో రోజు కాగానే అతని కొడుకులు, "పెద్దమ్మా, అక్కడ చెరకు వేస్తాం. బీడు పెడితే ఏం లాభం?" అన్నారు. నేను బళ్లో తెలుగు నేర్పినవాళ్లే. ఏం నేర్పానో!

మర్నాడు పొద్దున్న ట్రాక్టరు వచ్చేసరికి, నేను గోల్‌పోస్టుల మధ్య కుర్చీ వేసుక్కూర్చున్నాను.

"లే పెద్దమ్మా, ఎండ," అన్నాడు పెద్దాడు.

"బంతి తెచ్చుకో. నన్ను దాటించి కొట్టు. అప్పుడు నాటుకో."

ఇంట్లోకెళ్లి బంతి తెచ్చాడు. ట్రాక్టరువాణ్ణి పొమ్మన్నాడు. ఆ తర్వాత చెప్పులు విప్పి, వాళ్ల నాన్నలాగే వట్టికాళ్లతో గడ్డిలోకి దిగాడు.

నేను మాత్రం గోలు వదల్లేదు.