సుజాత చూసొచ్చిన కాలేజీ

నిన్న పొద్దున మా బావమరిది ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "బావా, అక్క లేదు" అన్నాడు.

అప్పుడు నేను ఇంట్లో సుజాత ఫోన్ చార్జర్ వెతుకుతున్నాను. తెమ్మని పంపింది ఆవిడే.

నేను వచ్చేదాకా కాస్త ఆగాల్సింది.

మా అమ్మాయి హారికకు రోబోటిక్స్ మీద ఇష్టం. నెల కిందట గుంటూరు వైపు ఒక కాలేజీ చూడటానికి ముగ్గురం వెళ్ళాం. కాఫీ ఇచ్చారు. ప్లేస్‌మెంట్ వీడియో వేశారు. ల్యాబ్‌లో అద్దాల బీరువాలో ఉన్న రోబో చెయ్యి చూపించారు.

"ఆడించండి" అంది సుజాత.

తాళం ఉన్న సార్ సెలవులో ఉన్నారన్నారు.

"పిలిపించండి. కూర్చుంటాం."

పోదాం పద అని నేను గొణిగితే, "మీరుండండి. దుర్గిలో రాతి బొమ్మ చెక్కించుకునేవాళ్ళు గూడా పనితనం చూశాకే బయానా ఇస్తారు" అంది.

మధ్యాహ్నానికి ఆ సార్ వచ్చారు. స్విచ్ వేశారు. చెయ్యి కదల్లేదు.

"ఏందయ్యా, దీనికి పూజ చేస్తారా, పాఠం చెప్తారా?"

నేను తల ఎత్తలేకపోయాను.

ఇలాగే వెళ్ళిన ప్రతిచోటా ఏదో ఒకటి అని కొట్టేసింది. ప్రాణం విసిగిపోయింది. చివరికి నచ్చింది ఎక్కడో విశాఖ అవతల. అక్కడ పిల్లలు నేల మీద కూర్చుని రోబోలు విప్పి బిగిస్తున్నారు. వాటిలో ఒకటి కదిలి వెళ్ళి గోడకు గుద్దుకుని ఆగిపోయింది. "ఇదే" అంది సుజాత.

నిన్న ఆవిడ ఇంకా వాకిట్లో ఉండగానే నాదెండ్ల బాబాయి నా భుజం పట్టుకున్నాడు. "ధైర్యంగా ఉండరా. ఇంతకీ పిల్లకి ఏ కాలేజీ? తల్లి లేని పిల్ల, మన నరసరావుపేట దాటనీబాక. సీఎస్ఈ ఇప్పించు."

ఒక కాలేజీ పీఆర్వో దండతో పాటు బ్రోచర్ కూడా తెచ్చాడు.

వెబ్ ఆప్షన్లకు ఈరోజే ఆఖరు. పొద్దున చూస్తే, హారిక మొదటి ఆప్షన్ మార్చి ఊళ్ళోనే సీఎస్ఈ పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"నువ్వొక్కడివే ఎట్టా ఉంటావు నాన్నా? అన్నం ఎవరు వండుతారు?"

"నాకు వచ్చులే. అమ్మ చూసొచ్చిందే పెట్టు."

రాదు. నేర్చుకుంటాను.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ మార్చింది. నేను పక్కనే నిలబడి లాక్ చేయించాను.

కాబట్టి బంధుమిత్రులకు మనవి. వచ్చి కూర్చోండి, ఏడవండి. దయచేసి కాలేజీల పేర్లు మాత్రం చెప్పొద్దు.

సుజాతా, అయిపోయింది. ఇక నువ్వు ఎవరితోనూ గొడవ పడనక్కర్లేదు. హాయిగా పడుకో.