తువ్వాల మీద కూర్చున్న పిల్ల

మొన్న బతుకమ్మ పండుగ ముందు జనగామ బస్టాండులో, తడి గునుగు పూల వాసన డీజిల్ పొగతో కలిసి ముక్కుకు తగలగానే, నలుగురిలో నోరు విప్పని నేను ఒక్కదాన్నే పైకే నవ్వేశాను. నా చిన్నప్పటి పండుగ ప్రయాణాలన్నింటికీ అదే వాసన.

అప్పుడు మేము మరిపెడ దగ్గర ఉండేవాళ్లం. మా ఇంట్లో బండి మగవాళ్లది, బస్సు ఆడవాళ్లది. జనగామ దగ్గరి అమ్మమ్మ ఊరికి బాపు మోటార్ సైకిల్ మీద పోయేవాడు, ముందు ట్యాంకు మీద అన్న రాజులా కూర్చునేవాడు. మలీద ముద్దల డబ్బా, నువ్వుల పొడి, కొత్త బట్టల సంచి, వాటితోపాటు నేను, అమ్మ వెంట బస్సులో.

ఆ ఏడు అమ్మ కడుపుతో ఉంది. బండి కిక్కు కొడుతూ బాపు గట్టిగా చెప్పాడు: "సీటు దొరికితెనే ఎక్కు. నిలవడి పోవుడైతే ఇంటికి వాపస్ పో. పండుగ మల్లేడు రాదా?" తల్లిగారింట్లో బతుకమ్మ ఆడడం కోసం ఏడాదంతా ఎదురుచూసిన అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని బస్టాండుకు నడిచింది.

బస్సు ఇంకా ఆగకముందే మగవాళ్లు దాని వెంట ఉరుకుతూ కిటికీల్లోంచి తువ్వాలలు విసిరేవాళ్లు. ఎవరి తువ్వాల పడితే ఆ సీటు వాళ్లది, అంతే. చీర కుచ్చిళ్లు పట్టుకుని, చంకల్లో పిల్లల్ని వేసుకుని ఆడవాళ్లు తలుపు దగ్గర తోసుకుంటూ ఎక్కేసరికి, స్త్రీలకు అని రాసి ఉన్న సీట్ల మీద కూడా తువ్వాలలే దర్జాగా కూర్చుని ఉండేవి.

ఆ రోజు అమ్మ ముఖం చూసి, పక్కనే పూల గంప దింపుకున్న తండా ఆమె, "పోరిని నాకియ్యి చెల్లె" అంటూ మోచేతి దాకా గాజులు గలగలమంటుండగా నన్ను ఎత్తి కిటికీలోంచి లోపలికి వేసింది. ఎర్రగళ్ల తువ్వాల మీద పడ్డాను. దాని మనిషి రానే వచ్చాడు.

"ఏ పోరీ, లే! నా తువ్వాల కనవడ్తలేదా?"

కిటికీ బయట అమ్మ.

"గది తువ్వాల. నేను మనిషిని" అన్నాను.

బస్సంతా గొల్లున నవ్వింది. "నిజమే గదనే! తువ్వాలకు టికెట్ కొట్టాల్నా?" అన్నాడు కండక్టర్. తువ్వాల ఆయన కూడా నవ్వు ఆపుకోలేక దాన్ని దులిపి భుజాన వేసుకున్నాడు. అమ్మ ఎక్కి వచ్చి ఆ సీట్లో కూర్చుంది. ఆ సాయంత్రం అమ్మమ్మ వాకిట్లో, అలిసిపోతావని ఎవరు వారించినా వినకుండా, చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరిగింది.

ఇప్పుడు తువ్వాలలు విసిరేవాళ్లు లేరు. మగవాళ్లు చాలామంది బండ్లెక్కి పోతున్నారు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి బస్సులు వాళ్లతోనే నిండుతున్నాయి. "పోనా?" అని బాపును అడగడం కూడా మా ఇంట్లోంచి ఎప్పుడో మాయమైంది. మొన్న నేను ఆ బస్టాండులో ఉండగానే అమ్మ ఫోన్ చేసింది, వెనక ఒకటే ఆడవాళ్ల నవ్వులు.

"తల్లిగారింటికి పోతున్న బిడ్డా. మీ బాపుకు జర నువ్వే చెప్పు."

"సీటు దొరికిందా అమ్మా?"

"ఏడ దొరుకుతది? నిలవడ్డ. మస్తు మజా ఉన్నది!"