బామ్మర్ది పట్టాల్సిన తాడు

శంషాబాద్ బజారులో నాకు సైకిల్ షాపు ఉండేది. తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం, షాపు ముందు టీ తాగుతూ ఒక లారీ డ్రైవరు నల్లమల కబుర్లు చెప్పాడు. చెంచులు లోయ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ దిగి తేనె తీస్తారన్నాడు. నేను బడికి వెళ్ళింది తక్కువ, అందుకేనేమో విన్నదల్లా కళ్ళతో చూడాలనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే తుక్కుగూడ దాకా ఆటోలో వెళ్ళి శ్రీశైలం బస్సెక్కాను. టికెట్టు అప్పట్లో ముప్పై రూపాయల లోపే. మధ్యాహ్నానికి మన్ననూరులో దిగి, అడవి దారిలో నడిచి, పెంట చేరాను. చెంచులు తమ పల్లెను అలాగే పిలుస్తారు.

అక్కడ గురవయ్య అనే పెద్దాయన వేపచెట్టు నీడలో తమ్ముడి పక్కన కూర్చుని నారతాడు సరిచేసుకుంటున్నాడు. తేనె దించడం చూద్దామని వచ్చానని చెప్పాను.

"ఏం చూస్తవు సారూ? తాడు పట్టేటోడు లేడు."

"మీ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు కదండీ?"

పెద్దాయన నవ్వాడు. "తమ్మునికి తాడిస్తరా? పెండ్లాం తోడబుట్టినోడే పట్టాలె. మీద నిలబడ్డోనికి అక్క బొట్టు కనవడాలె. గప్పుడే చెయ్యి ఇడువడు."

నాకు మా బామ్మర్ది గుర్తొచ్చాడు. ఒకసారి కొత్త సైకిలు పట్టుకోమని చెప్పి టీకి వెళ్ళి వచ్చేసరికి ఆయనా లేడు, సైకిలూ లేదు. ఆ కథ పెద్దది, వదిలేద్దాం.

గురవయ్య బామ్మర్ది బయ్యన్నను రెండేళ్ళ కిందట ఒక మేస్త్రీ లారీలో పనికి తీసుకుపోయాడట. అప్పటినుంచి గురవయ్య లోయలోకి దిగలేదు.

"మోకాళ్ళు పోతున్నయి సారూ. ఈ ఏడు దిగకుంటే ఇగ దిగ. తేనె పట్టే ఆ లోయ రాతికి తొవ్వ నాతోనే పోతది."

గుడిసెలోంచి ఆయన భార్య అంది: "నా తమ్ముని తోల్కరారాదు? యాడనో శంషాబాద్ల రాళ్ళ మిషన్ కాడున్నడంట."

నేను బయలుదేరిన ఊరే! మా షాపు వెనక గుట్ట మీది కంకర మిషను దగ్గరున్న మనిషి కోసం అడవిదాకా వచ్చానన్నమాట.

ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున ఇద్దరం బస్సెక్కాం. గురవయ్య భుజం మీద తాడు చుట్ట. కండక్టరు ఊరుకోలేదు. "ఏంది తాతా, తాడొక్కటే ఎక్కింది, బర్రె తప్పించుకున్నదా?" బస్సంతా నవ్వింది. గురవయ్య కూడా నవ్వాడు. దారంతా తాడును ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి గుట్ట దగ్గరికి చేరాం. మిషను చప్పుడులో మాట వినబడటం లేదు. తెల్లటి దుమ్ములోంచి ఒక మనిషి వచ్చాడు. కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి.

"బావా! అక్క మంచిగున్నదా?"

"ఉన్నది. నిన్ను తెమ్మన్నది. రాతి మీద తేనెటీగలొచ్చినయి."

బయ్యన్న మొహం వెలిగింది, వెంటనే వాడిపోయింది. నేను ఉండబట్టలేక, "నాలుగు రోజులు సెలవడుగు, నేను మాట్లాడతాను" అన్నాను. అతను దుమ్ము చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. నేనిచ్చిన టీ గ్లాసు అందుకున్నాడు. సగం టీ వేళ్ళ మీద ఒలికింది.

"పొద్దుగాల కల్లు పడకుంటే గిట్లనే సారూ. ఈడ అందరికీ గిదే అలవాటు."

గురవయ్య తాడు విప్పాడు. ఒక కొస బామ్మర్ది చేతిలో పెట్టి, రెండో కొస పట్టుకుని కొంచెం దూరం నడిచాడు. చిన్నగా లాగాడు. తాడు బయ్యన్న వేళ్ళలోంచి జారిపోయింది.

"ఇంకోపారి చూడు బావా" అన్నాడు బయ్యన్న.

గురవయ్య మళ్ళీ లాగలేదు. తాడు చుట్టుకుంటూ వచ్చి, అతని భుజం మీది దుమ్ము దులిపాడు. "అక్కకు మంచిగున్నడని చెప్తలే."

"అక్క మొకం చూడలేక రాలే బావా" అంటూ బయ్యన్న ఏడ్చాడు.

ఆ గుట్ట ఇప్పుడు లేదు. రోడ్లలో, మేడల్లో కలిసిపోయింది. శంషాబాద్ మీదుగా విమానం దిగుతుంటే అందరూ తలెత్తుతారు. నాకు మాత్రం లోయలో మనిషి పోని రాయి, దాని మీద తేనెటీగలు గుర్తొస్తాయి. రాతిని పిండి చేయడానికి పట్నానికి మిషన్లున్నాయి, లోయలో ఆ తేనె రాతి దగ్గరికి దిగే దారి మాత్రం ఇద్దరు మనుషుల చేతుల్లోనే ఉండేది.

శ్రీశైలం వెళ్ళేవాళ్ళు రోడ్డు పక్కన తేనె కనబడితే ధర తర్వాత అడగండి, ముందు తాడు ఎవరు పట్టారని అడగండి. బామ్మర్ది పేరు చెబితే బేరమాడకుండా కొనండి.