నాలుగో రిమార్కు

2004 జూన్‌లో నేను బదిలీ మీద విజయవాడ వచ్చి డిప్యూటీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. సినిమా హాళ్ల వైరింగు, రైస్ మిల్లుల ట్రాన్స్‌ఫార్మర్లు, ఉత్సవాలకిచ్చే తాత్కాలిక కనెక్షన్లు చూడటం మా పని. చేరిన నెలకే ఒక పడవ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి పాతికేళ్ల సర్వీసు ఉన్నా, పడవను తనిఖీ చేయడం నాకదే మొదలు.

పటమటలో మోటారు పంపుల వ్యాపారం చేసే వెంకటరత్నం గారు ఒక తెరచాప పడవ కొని, దానికి బ్యాటరీలతో నడిచే మోటారు బిగించారు. బ్యారేజీకి ఎగువన కృష్ణలో జనాన్ని తిప్పాలని ఆయన ముచ్చట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మోటారు. బ్యాటరీలు దిగిపోతే, ఒక మనిషి మోయగలిగే పెట్రోలు జనరేటరుతో చార్జి చేసుకుంటారు. జనాన్ని ఎక్కించాలంటే మా శాఖ ఇచ్చే పత్రం కావాలి.

పడవ నడిపేది మస్తాన్ గారు. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా నది మీదే పని. ఆ రోజు ఆయనే నాకన్నీ చూపించారు. పడవలో ఎర్తింగుకు నేల ఉండదు. అందుకని జనరేటరు చట్రం, చార్జరు, మోటారు ఒకే రాగి తీగతో కలిసి ఉన్నాయా, కరెంటు లీకైతే బ్రేకరు పడుతోందా అని చూసి మూడు లోపాలు రాశాను. నాలుగోది జనరేటరు ఉన్న చోటు గురించి. దాన్ని పడవ వెనక భాగాన, ఆరుబయట తాళ్లతో కట్టారు. తడిసిన జనరేటరును ముట్టుకుంటే షాకు కొట్టవచ్చు. "జనరేటరును వర్షమునకు తడవని చోట ఉంచవలెను" అని రాశాను.

"బయటుంటేనే మంచిది సార్. పొగ గాలికి పోద్ది. వానొస్తే ఆపేసి బరకం కప్పుతాం గదండీ" అన్నారు మస్తాన్ గారు.

బరకం మా రూల్సులో లేదన్నాను. నాతో వచ్చిన గుమాస్తా నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. మేము రిమార్కులు పంపుతాం, యజమాని వాటిని సరిచేశానని ఉత్తరం రాస్తాడు. దాన్ని కాంప్లయన్స్ అంటాం. అది అందాక మళ్లీ వెళ్లి కళ్లతో చూడాలి. మనుషులు చాలరని, జీపు లేదని, చిన్న పనులకు ఎవరమూ వెళ్లేవాళ్లం కాదు. "నాలుగు రిమార్కులూ సవరించితిమి" అని వెంకటరత్నం గారు రాశారు. జనరేటరు ఎక్కడికి మార్చారో ఆయన రాయలేదు, నేను అడగలేదు. సంతకం పెట్టేశాను.

ఆయన దాన్ని జనం కూర్చునే గది కింద, చెక్క మూత వేసిన అరలోకి దింపించారు. అక్కడ చుక్క నీరు పడదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టిన రోజు, పడవ రేవులోనే ఉంది. బ్యాటరీలకు చార్జి పెట్టి, జల్లు కొట్టకుండా గది తెరలు దించుకుని మస్తాన్ గారు లోపల కూర్చున్నారు. తోటి పనివాడు కోటయ్య టీ తేవడానికి ఒడ్డుకు వెళ్లి, వాన పెరగడంతో కొట్లో ఆగిపోయాడు. గంట తర్వాత వచ్చేసరికి జనరేటరు నడుస్తూనే ఉంది. మస్తాన్ గారు బల్ల మీద తల వాల్చి ఉన్నారు. నిద్రపోతున్నారనుకుని టీ గ్లాసు పక్కన పెట్టి భుజం తట్టానని కోటయ్య చెప్పాడు.

కరెంటు షాకేమోనని పోలీసులు మా నివేదిక అడిగారు. వెళ్లి చూశాను. తీగలు, బ్రేకరు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. నేను రాసిన నాలుగు రిమార్కులూ తు.చ. తప్పకుండా అమలు చేశారు. ఒంటి మీద కాలిన మచ్చ లేదనీ, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసిందనీ డాక్టరు చెప్పారు. దానికి రంగూ వాసనా ఉండవు. మూసిన గదిలో మనిషికి మత్తు కమ్మినట్టుంటుంది, అంతే.

"విద్యుత్ ప్రమాదం కాదు" అని ఒక్క ముక్క రాస్తే నా పని అయిపోయేది. ఈలోగా వెంకటరత్నం గారు, జనరేటరును లోపల పెట్టుకుంది మస్తానేనని పోలీసులకు చెప్పారు.

రెండు రోజులకు మస్తాన్ గారి భార్య ఖైరున్నీసా గారు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆయన అజాగ్రత్త వల్లే పోయాడంటన్నారండీ. అన్నేళ్లు నీళ్ల మీదున్న మనిషికి పొగ సంగతి తెలవదా?"

"తెలుసమ్మా. నాకు చెప్పారు కూడా. విననిది నేను. లోపల పెట్టమన్న కాగితం కూడా నాదే" అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. "ఆ మాట కూడా కాగితం మీద రాస్తారాండీ?" అని అడిగింది.

రాశాను. నాలుగో రిమార్కునూ, మస్తాన్ గారు చెప్పిన అభ్యంతరాన్నీ, నేను మళ్లీ వెళ్లి చూడకపోవడాన్నీ ఉన్నదున్నట్టు పెట్టాను. ఇదంతా మన పరిధి కాదు, తీసెయ్యమని మా ఇన్‌స్పెక్టరు గారు రెండుసార్లు చెప్పారు. తీయలేదు. పోలీసులు మృతుడి అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. నాకు చార్జి మెమో వచ్చింది. రావలసిందే.

ఒక ప్రమాదాన్ని ఆపడానికి రాసిన మాట ఇంకో ప్రమాదాన్ని లోపలికి తేగలదని, కాగితం మీద సరైపోయినది పడవలో సరైనట్టు కాదని అప్పుడు తెలుసుకున్నాను. మిగిలిన సర్వీసులో ఎక్కడ జనరేటరు చూసినా ముందు పొగ గొట్టం ఎటు తిరిగి ఉందో చూసేవాణ్ణి. ఆ తర్వాత నా దగ్గరికి మరో రెండు పడవల ఫైళ్లు వచ్చాయి. రెండింటిలోనూ నాలుగో రిమార్కు ఒకేలా రాశాను: "జనరేటరును ఆరుబయట, పొగ మనుషుల వైపు రాని కొసన మాత్రమే నడపవలెను. వర్షము వచ్చినచో ఆపి, బరకము కప్పవలెను."