ఎదురింటి బల్బు

కరెంటు వస్తువు ఏది కొనబోయినా మా చిన్నాయన ముందు కొట్లో వెలిగే బల్బు చూసేవాడు. ఇంటి పనులకు వెల్డింగ్ మిషన్ కొందామని ఖమ్మం వెళ్ళినప్పుడూ అంతే. కొట్టతను పెద్ద మిషన్‌తో ఇనుము అతికి చూపిస్తుంటే నేను నిప్పురవ్వలు చూశాను. ఆయన బల్బు చూశాడు. అది మసకబారింది.

"వద్దు, చిన్నదియ్యి. ఎదురింటక్క మోటరు మా లైన్ మీదనే నడుస్తది. ఇది ఇంత కరెంటు గుంజితే వోల్టేజీ పడి ఆ మోటరు కాలుతది, ఆమె మిరపతోట ఎండిపోతది," అన్నాడు.

చిన్నదే తెచ్చాం. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. పట్టపగలే ఎదురింట్లో బల్బు వేయించి, మా గేటు అతకడం మొదలుపెట్టాడు. రవ్వ లేచిన ప్రతిసారీ ముసుగెత్తి, "అక్కా, బల్బు తగ్గిందా?" అని అరిచేవాడు.

"తగ్గలే, నువ్వు పని చూస్కో!" అనేది ఆవిడ.

ఆ ఏడు ఆమె మోటరు కాలలేదు. మా గేటు మాత్రం ఇప్పటికీ వంకరే.